పనివాళ్ల మీద రెండు లక్షలు: జీతంలో కలపాలా, ఇన్సెంటివ్‌గా ఇవ్వాలా, దసరాకి ఇవ్వాలా, వాటా పెట్టాలా?

నేను ఖమ్మంలో చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తుంటాను. బట్టల కొట్లు, బైకు సర్వీసు సెంటర్లు, హార్డ్‌వేర్, రెండు మూడు డయాగ్నస్టిక్ ల్యాబులు. ఏడాది లెక్కలు ముగిసి, చేతిలో నాలుగు రాళ్లు మిగిలాయని తెలిశాక, కుర్చీలోంచి లేవబోయిన యజమాని మళ్లీ కూర్చుని అడిగే ప్రశ్న ఒకటుంది. “కొట్లో పది మంది ఉన్నారు సార్. ఈ ఏడు వాళ్ల మీద ఇంకో రెండు లక్షలు పెడదామనుకుంటున్నా. ఎలా ఇస్తే మనసు పెట్టి చేస్తారంటారు?”

రెండు లక్షలంటే తలా 20 వేలు. నెలలకు పంచితే 1,667 రూపాయలు. అదే డబ్బు జీతంలో కలిస్తే ఒక రకంగా, అమ్మకం మీద ఇస్తే ఇంకో రకంగా, దసరా కవర్లో పెడితే మరో రకంగా పనిచేస్తుంది. ఏది మంచిదంటే అందరికీ సరిపడే జవాబు నా దగ్గర లేదు. మీ కొట్లో పని లెక్కకు అందుతుందా, చెడిపోతే ఎవరి చేతిలో చెడిపోయిందో తెలుస్తుందా, ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడి ఉందా అన్న మూడు సంగతులు చూసుకుని ఎంచుకోవాలి. దేనికి లెక్క కడతారో అది పెరుగుతుంది. లెక్క కట్టనిది మూలన పడుతుంది. నేను చూసిన యజమానులు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ రెండో మాట మరిచిపోయే.

డబ్బు కన్నా ముందు ఒక కాగితం

“మావాళ్లు బాగా చేయట్లేదు” అంటే, “బాగా అంటే ఏంటండీ?” అని అడుగుతాను. చాలామంది తడుముకుంటారు. కస్టమర్లతో మంచిగా ఉండాలి, సొంత కొట్టులా చూసుకోవాలి అంటారు. సొంత కొట్టులా అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. సొంత కొట్టయితే లాభమూ సొంతమే కావాలి కదా. 14 వేల జీతగాడికి ఆ మాట చెప్తే, తలూపి తన పని తాను చూసుకుంటాడు.

కాగితం మీద రాయగలిగేదే చెప్పాలి. బట్టల కొట్టయితే: కస్టమర్ కూర్చోగానే మంచినీళ్లు ఇచ్చి, ఏ ధరలో చూపించాలో అడగాలి. కస్టమర్ లేచిన పావుగంటలో తీసిన చీరలన్నీ మడతపడి అరల్లోకి వెళ్లాలి. సర్వీసు సెంటరయితే: కస్టమర్ చెప్పిన బాధ ఆయన మాటల్లోనే జాబ్ కార్డు మీద ఉండాలి. ట్రయల్ కొట్టకుండా బండి గేటు దాటకూడదు. నాలుగింటికి ఇస్తామంటే నాలుగింటికి ఇవ్వాలి, ఆలస్యమయ్యేట్టుంటే మూడింటికే ఫోన్ చేయాలి. ల్యాబ్ అయితే: సూది తీయగానే ట్యూబు మీద పేరు, టైము రాయాలి, ఆ తర్వాతే ఇంకో మనిషిని పిలవాలి. ఒక్కో పనికి ఇలాంటివి నాలుగైదు చాలు. ఇరవై రాస్తే ఎవరూ చదవరు.

ఒక యజమాని ఒక కుర్రాడి మీద ఏడాదిగా రుసరుసలాడుతున్నాడు, రోజూ పదింటికి వస్తాడని. ఎప్పుడు రమ్మన్నారని ఆ కుర్రాడినే అడిగాను. పాత ఇన్‌చార్జి పదింటికి రమ్మన్నాడట. యజమాని మనసులో ఉన్నది తొమ్మిదిన్నర. ఆ అరగంట సంగతి ఏడాదిపాటు ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి చోట ఇన్సెంటివ్ పెడితే డబ్బు దండగ.

కాగితం రాసి, అందరినీ కూర్చోబెట్టి చదివి, ఒక నెల ఆగి చూడండి. ఆ తర్వాత కూడా మిగిలిన సమస్యకే డబ్బు మందు.

పీసు లెక్క: ఎక్కడ పండుతుంది, ఎక్కడ ఎండుతుంది

చేసినంతకు ఇవ్వడం పాత పద్ధతే. బ్లౌజు కుట్టే టైలరు, వెయ్యి బీడీల లెక్కన చుట్టే ఆడవాళ్లు, సిరిసిల్ల మరమగ్గాల మీద మీటర్ల లెక్కన నేసేవాళ్లు ఎప్పటినుంచో ఇలాగే బతుకుతున్నారు. ఇది పనిని పెంచుతుందా అంటే పెంచుతుంది. గట్టి ఉదాహరణ అమెరికాది. సేఫ్‌లైట్ అని కార్ల ముందు అద్దాలు మార్చే కంపెనీ. 1990ల మధ్యలో గంటల జీతం మానేసి అద్దానికి ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టింది. ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త ఆ కంపెనీ లెక్కలు తీసి 2000లో ప్రచురించాడు. తలసరి పని 44 శాతం పెరిగింది. అందులో దాదాపు సగం, ఉన్నవాళ్లే ఎక్కువ అద్దాలు బిగించడం వల్ల. మిగతాది మనుషులు మారడం వల్ల: చురుకైనవాళ్లు నిలిచారు, కొత్తగా అలాంటివాళ్లే వచ్చారు, నెమ్మదస్తులు వెళ్లిపోయారు.

ఈ 44 శాతం చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. ఆ కంపెనీ పెట్టుకున్న రెండు కట్టుబాట్లు మాత్రం చూడరు. మొదటిది, ఎంత తక్కువ పని దొరికినా ఇంతకు తగ్గకుండా చేతికి వస్తుందని హామీ ఇచ్చింది. రెండోది, బిగించిన అద్దం తేడా చేసి వెనక్కి వస్తే, బిగించినవాడే తన సమయంలో మళ్లీ బిగించాలి. అద్దం పని ఒక మనిషి పని. పగిలినా కారినా కస్టమర్ తప్పక తిరిగొస్తాడు, ఎవరు బిగించారో కాగితం మీద ఉంటుంది. అందుకే ఆ లెక్క నిలబడింది.

మన బైకు సర్వీసు దీనికి దగ్గరగా ఉంటుంది. జనరల్ సర్వీసు ఒక బండికి ఇంత, ఇంజన్ పని అయితే ఇంత అని కట్టవచ్చు. వారంలో అదే బాధతో బండి వెనక్కొస్తే అదే మెకానిక్ చేతికి, ఆ పనికి లెక్క లేకుండా. ఈ రెండో వాక్యం లేకుండా పీసు రేటు పెట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ విప్పకుండానే విప్పానని రాసేవాడు రెండో నెలలో పుట్టుకొస్తాడు.

లెక్క దేని మీద కడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. నేను పుస్తకాలు చూసిన ఒక సర్వీసు సెంటరులో, బండికి ఇంత అని కాకుండా, వేసిన స్పేర్ పార్టుల బిల్లు మీద మెకానిక్‌లకు శాతం పెట్టారు. మొదటి మూడు నెలలు బిల్లులు బ్రహ్మాండంగా పెరిగాయి. ఇంకా ఆరేడు వేల కిలోమీటర్లు నడిచే చైన్ సెట్లు, బ్రేకు షూలు కూడా మారిపోయాయి. నాలుగో నెల నుంచి పాత కస్టమర్లు రావడం తగ్గింది. అందులో మెకానిక్‌ల మోసం ఎంత, యజమాని కట్టిన లెక్క ఎంత అంటే, నేను లెక్కనే తప్పు పడతాను. వాళ్లు అడిగిందే చేశారు.

పీసు పద్ధతిలో ఇంకో పేచీ బీడీ పనిలో కనిపిస్తుంది. ఆకు కంపెనీ ఇస్తుంది. ఆకు బాగాలేకపోతే చుట్టే ఆమె లెక్క తగ్గుతుంది, తట్టలోంచి ఏరి పక్కన పడేసే బీడీలు పెరుగుతాయి. ఏరేవాడి చేతిలో ఆమె కూలి ఉంటుంది. మీ కొట్లో కూడా సరుకు ఆలస్యమైనా, కరెంటు పోయినా, పార్టు హైదరాబాదు నుంచి రాకపోయినా ఆ రోజు నష్టం ఎవరిదన్నది ముందే తేల్చాలి. అది పనివాడి నెత్తిన వేస్తే వాడికి మిగిలేది భయం. ఎలాగూ పీసు లెక్కన ఇచ్చినా కనీస వేతనానికి తగ్గకూడదని చట్టమే చెప్తోంది. ఆ అడుగు మీద నిలబెట్టి, పైన పీసు పెట్టుకోండి.

అమ్మకం మీద ఇన్సెంటివ్: మనిషికా, కౌంటరుకా?

చీరల కొట్లో పీసు లెక్క పనిచేయదు. పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబం మూడు కౌంటర్లు తిరుగుతుంది. ఒకడు ఎనభై చీరలు తీసి చూపిస్తాడు, తల్లీకూతుళ్లు భోజనానికి వెళ్లి వస్తారు, అప్పుడు వేరేవాడు ఎదురెళ్లి బిల్లు కొట్టిస్తాడు. అమ్మకం ఎవరిది? బిల్లు మీద ఎవరి కోడ్ పడితే వాడిదంటే, మెట్ల దగ్గరే కస్టమర్ల కోసం కొట్లాట మొదలవుతుంది. ఇద్దరు ఆడవాళ్లు జాకెట్ ముక్కకి వస్తే చూసేవాడు ఉండడు. తీసిన చీరలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎందుకంటే మడతకు లెక్క లేదు.

అందుకే బట్టల కొట్టుకి నా ఓటు కౌంటరు మొత్తానికి కలిపి ఇచ్చే ఇన్సెంటివ్‌కే. నలుగురున్న కౌంటరులో ఒకడు కష్టపడి ముగ్గురు తింటారన్న భయం నిజమే. కానీ నలుగురే ఉన్నచోట ఎవడు తింటున్నాడో మిగతా ముగ్గురికీ తెలుసు, యజమానికన్నా ముందే తెలుసు. ఆ సంఖ్య పది దాటితే మాత్రం ఈ పద్ధతి పలచబడుతుంది. అప్పుడు కౌంటర్లుగా విడగొట్టాల్సిందే. మనిషి మనిషికీ ఇవ్వాలని అంతగా ఉంటే, కదలని పాత చీరలకు రంగు స్టిక్కరు అంటించి, అది అమ్మినవాడికి చీరకింత అని ఇవ్వండి. ఎవరు అమ్మారన్న తగువు రాదు, మీ పెట్టుబడీ అరల్లోంచి కదులుతుంది.

“ఈ నెల నంబర్ వన్” అని ఒకరికి బహుమతి ఇచ్చే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. గోడ మీద ఫొటో పెట్టడం చవక కాబట్టి కాబోలు. ఇంగ్లండులో పండ్లు కోసే ఒక తోటలో ముగ్గురు ఆర్థికవేత్తలు చూసిన సంగతి చెప్తాను, 2005లో వచ్చింది. అక్కడ మొదట్లో కూలి పోలిక మీద ఉండేది. పక్కవాళ్ల సగటు కన్నా నువ్వెంత ఎక్కువ కోశావన్నదే నీ లెక్క. నువ్వు వేగం పెంచితే పక్కవాడి కూలి తగ్గుతుంది. స్నేహితులు పక్కపక్కన ఉన్నప్పుడు అందరూ చేతులు నెమ్మది చేశారు. తర్వాత పోలిక తీసేసి, కోసిన కిలోకి ఇంత అనేసరికి పని కనీసం 50 శాతం పెరిగింది. మనుషులు వాళ్లే, తోట అదే. మన కొట్లలో పనిచేసేవాళ్లు ఒకే ఊరివాళ్లు, ఒకే గదిలో అద్దెకుండేవాళ్లు. పక్కవాడిని ఓడిస్తేనే నీకు డబ్బు అంటే, చాటుగా ఒప్పందమైనా కుదురుతుంది, పగలైనా పుడతాయి.

టార్గెట్ మరీ బిగించినా ప్రమాదమే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉద్యోగులు టార్గెట్లు అందుకోవడానికి కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో బయటపడేసరికి లెక్క 20 లక్షల ఖాతాల దాకా తేలింది. బ్యాంకు 18.5 కోట్ల డాలర్లు కట్టింది, 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అంత పెద్ద బ్యాంకు దాకా ఎందుకు, ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని వెళ్లిన మన పెద్దవాళ్లు ఇన్సూరెన్సు పాలసీ చేత పట్టుకుని ఇంటికి రావడం మనకు కొత్తా?

జీతం పెంచితే ఏమొస్తుంది

జీతం పెంచితే పని వేగం పెరుగుతుందని ఆశించకండి. మొదటి నెల ఆనందం, మూడో నెలకి అదే మామూలు జీతం. జీతం పెంచితే కొనుక్కునేది వేరే: మనిషి వెళ్లిపోకుండా ఉండటం.

1913లో ఫోర్డ్ కార్ల కంపెనీ బాధ అదే. 14 వేల మంది పనిలో ఉండాలంటే ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. అంతగా వచ్చేవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు అయిదు డాలర్లు అన్నాడు, అంతకు ముందున్న దానికి ఇంచుమించు రెట్టింపు. పని గంటలూ తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. పని మానేసి పోవడం ఒక్కసారిగా తగ్గింది. (ఆ అయిదులో చాలా భాగం లాభంలో వాటా పేరుతో ఇచ్చేవాడు. అది దక్కాలంటే ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా అని కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూసేవాళ్లు. మన దగ్గర యజమానులకు ఈ ఆలోచన వస్తే వెంటనే మానుకోవాలి.)

కాబట్టి ముందు ఒక లెక్క వేసుకోండి. గత రెండేళ్లలో ఎంతమంది మానేశారు? సీజను మధ్యలో మానేసిన సేల్స్‌మన్ స్థానంలో కొత్తవాడు వచ్చి, ఏ అరలో ఏ రకం ఉందో, ఏ ఊరివాళ్లు ఏ ధరలో కొంటారో నేర్చుకునేసరికి ఒక సీజను పోతుంది. అలా ఇద్దరు ముగ్గురు పోయి ఉంటే, ఇన్సెంటివ్ ఊసెత్తకుండా రెండు లక్షలూ జీతంలోనే కలపండి. అదీ అందరికీ సమానంగా కాదు, పోతే మీకు చెయ్యి విరిగినట్టయ్యే వాళ్లకు ఎక్కువ. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించే చోట వెయ్యి పెంచితే మీ జేబులోంచి పోయేది వెయ్యే అనుకోవద్దు. యజమాని వంతు పీఎఫ్ దాని ఖర్చులతో 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కలిపి 1,160 పైన పడుతుంది.

ఇంకో సంగతి. పెంచిన జీతాన్ని తగ్గించలేరు. వ్యాపారం ఒక ఏడు పొంగి ఒక ఏడు పడిపోయే రకమైతే, రెండు లక్షలూ జీతంలో పోయవద్దు.

దసరా కవరు

దసరాకి ఇచ్చేది ప్రోత్సాహం అనుకునే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. మొదటి ఏడు అది సంతోషం. రెండో ఏడు హక్కు. మూడో ఏడు వచ్చేసరికి ఆ డబ్బు చిట్టీకో, పిల్లల ఫీజుకో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇస్తే పని పెరగదు, ఇవ్వకపోతే మాత్రం మనసు విరుగుతుంది. కాబట్టి దీన్ని పని పెంచే ఖర్చుల్లో వేయకండి. మర్యాద కింద రాసుకోండి, ఒకసారి మొదలుపెడితే ఆపకండి. ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ కూడా వద్దు, కవరు తెరిచిన పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది.

ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్నచోట మీ ఇష్టాయిష్టాలతో పని లేదు. 1965 నాటి బోనస్ చట్టంలో, ఇప్పుడు దాన్ని కలుపుకున్న వేతనాల కోడ్‌లో కూడా, కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం అని ఉంది. 8.33 అంటే వింత అంకె అనుకోకండి, పన్నెండో వంతు, అంటే ఏడాదికి ఒక నెల జీతం. ఏడాదిలో 30 రోజులు పనిచేసినవాడికీ వర్తిస్తుంది. ఇది కట్టి తీరాల్సిన డబ్బు, దీన్ని మీ రెండు లక్షల్లో కలిపి చూపిస్తే పనివాళ్లు ఊరుకోవచ్చు గాని లేబర్ ఆఫీసు ఊరుకోదు.

లాభంలో వాటా: కొత్తగూడెం చూసి వాత పెట్టుకునే ముందు

ఖమ్మంలో ఉంటూ దసరా ముందు సింగరేణి వాటా ముచ్చట వినకుండా ఉండలేం. ఇక్కడ సగం కొట్లకు ఆ డబ్బుతోనే పండగ. ఆ ఊపులో, “మనం కూడా లాభంలో పది శాతం ఇద్దామా సార్?” అని అడిగేవాళ్లు ప్రతి ఏడూ తగులుతారు.

సింగరేణి లెక్క ఒకసారి విప్పి చూద్దాం. 2024-25 సంవత్సరానికి కార్మికులకు 34 శాతం వాటా అని ప్రకటించారు. నికర లాభం 6,394 కోట్లు. అందులో 4,034 కోట్లు విస్తరణకు, రాబోయే పెట్టుబడులకు పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం కట్టారు. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చిన 5,500 చొప్పున కూడా కలుపుకుంటే మొత్తం 819 కోట్లు. పర్మనెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. అంతా బాగానే ఉంది. కానీ మొత్తం లాభం మీద చూస్తే ఆ 34 పన్నెండున్నర శాతమే అవుతుంది. యూనియన్ల పేచీ అక్కడే: ఏ లాభం మీద 34? అంత పెద్ద సంస్థలో, ఆడిట్ అయిన లెక్కలు అందరి ముందూ ఉన్నచోటే ఈ ప్రశ్న తెగలేదు.

ఇక మన కొట్టుకి రండి. మీ లాభం ఎంత? మీ ఇంటి ఖర్చు కొట్టులోంచే పోతుందా? కొట్టు మీ సొంత బిల్డింగులో ఉంటే అద్దె రాస్తున్నారా? పొద్దుటినుంచి రాత్రిదాకా గల్లాలో కూర్చునే మీకు జీతం కట్టారా? కారు ఎవరి పేరు మీద ఉంది? ఇవన్నీ తేలకుండా “లాభంలో పది శాతం” అంటే, పనివాళ్లకు వినిపించేది అమ్మకంలో పది శాతం. దసరాకి తక్కువ వస్తే యజమాని దాచుకున్నాడనే అంటారు. రెండు రకాల పుస్తకాలు నడిపేవాళ్లయితే ఈ మాట అసలు ఎత్తకండి, మీకూ నాకూ మంచిది.

ఇది పనికొచ్చే చోటు ఒకటుంది. అన్నీ తెలిసి, రేపు మీ పక్కనే ఇంకో కొట్టు పెట్టుకోగల ఒకరో ఇద్దరో ఉంటారు: హెడ్ మెకానిక్, ల్యాబులో సీనియర్ టెక్నీషియన్, కొనుగోళ్లకు సూరత్ వెళ్లొచ్చే మనిషి. వాళ్లకు లెక్కలు చూపించి వాటా ఇవ్వండి. మిగతావాళ్లకు వద్దు. కింది మెకానిక్ ఎంత బాగా బిగించినా ఏడాది చివర లాభం మీద అతని చెయ్యి పడేది గోరంతే, అతనికి నెల నెలా తెలిసే లెక్కే బలం.

కోత పెట్టి దారికి తేవచ్చా?

డబ్బు ఇచ్చే బదులు కోసి దారికి తెద్దామనుకునేవాళ్లకు ఇజ్రాయెల్‌లోని హైఫా ముచ్చట. పిల్లలను చూసుకునే కేంద్రాల్లో సాయంత్రం తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, ఇంచుమించు రెట్టింపయ్యాయి. అంతకు ముందు టీచరమ్మను కూర్చోబెట్టామే అని సిగ్గుపడి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ సిగ్గు తిరిగి రాలేదు. కొట్లో అరగంట ఆలస్యానికి 50 రూపాయలు కోస్తే, అది అరగంట నిద్ర ధర అవుతుంది.

పైగా ఇష్టం వచ్చినట్టు కోయడానికి వీల్లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం జరిమానా నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. వసూలైన డబ్బు మీ గల్లాలోకి కాదు, పనివాళ్ల మేలుకే వాడాలి. రానిరోజు జీతం తగ్గించడం వేరు, అది జరిమానా కాదు.

ఇన్‌చార్జిగా ఎవరిని పెట్టాలి?

డబ్బు ఎలా ఇచ్చినా, రోజూ ఎదురుగా ఉండే ఇన్‌చార్జి సరైనవాడు కాకపోతే రెండు లక్షలూ నీళ్లపాలే. అందరూ చేసేది అందరికన్నా ఎక్కువ అమ్మేవాడిని ఇన్‌చార్జిని చేయడం. 131 అమెరికా కంపెనీల అమ్మకాల సిబ్బంది లెక్కలు చూసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. బాగా అమ్మేవాళ్లకే ప్రమోషన్లు ఎక్కువ దక్కాయి, ప్రమోషన్ తర్వాత వాళ్ల కింద పనిచేసేవాళ్ల అమ్మకాలే పడిపోయాయి. కంపెనీలు ఒక మంచి అమ్మకందారుణ్ణి పోగొట్టుకుని ఒక నాసి మేనేజర్‌ను తెచ్చుకున్నాయన్నమాట. ఇతరులతో కలిసి అమ్మి, ఆ పేరు పంచుకున్న అలవాటు ఉన్నవాళ్లు మాత్రం మేనేజర్లుగా రాణించారు.

కాబట్టి అమ్మకాల పట్టిక పక్కన పెట్టి, చీర దొరక్కపోతే కొత్తవాడు ఎవరిని అడుగుతున్నాడో, కస్టమర్‌తో మాట పెరిగినప్పుడు ఎవరు అడ్డం వెళ్తున్నారో వారం రోజులు చూడండి. మీ ఇన్‌చార్జి ఆ మనిషే. నంబర్ వన్ అమ్మకందారుకి జీతమే పెంచండి, కుర్చీ ఇవ్వకండి.

బావమరిదిని పెడదామా అంటారు. నమ్మకం ఉంటుంది, నిజమే. ఇందాక చెప్పిన పండ్ల తోటలోనే సూపర్‌వైజర్ల సంగతి కూడా చూశారు. వాళ్లకు నికరమైన జీతం ఉన్నన్నాళ్లు తమకు తెలిసినవాళ్లకే మంచి వరసలు, మంచి సాయం దొరికేది. మొత్తం పని మీద వాళ్లకూ బోనస్ పెట్టాక, చుట్టరికం పోయి చేయి చురుకైనవాడి వైపు తిరిగారు. బావమరిదిని పెట్టక తప్పకపోతే, ఆయన డబ్బులో కొంత కౌంటరు ఇన్సెంటివ్‌తో ముడిపెట్టండి. ఇంట్లో మాట వస్తే ఆడిటర్ చెప్పాడనండి.

మరి ఆ రెండు లక్షలు?

మీది పది మంది ఉన్న బట్టల కొట్టయితే నేను వేసే లెక్క ఇది. లక్ష జీతాల్లో కలపండి, అందులోనూ ఎక్కువ భాగం పాతవాళ్లలో నలుగురికి. డెబ్బై వేలు కౌంటరు ఇన్సెంటివ్, శ్రావణం, దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్లకు పంచి, ఏ నెలకానెల. మిగిలిన ముప్ఫై వేలు పాత స్టాక్ స్టిక్కర్లకు. దసరా కవరు ఇప్పటికే ఇస్తుంటే అలాగే కొనసాగించండి, దాన్ని ఇందులోంచి తీయకండి.

డయాగ్నస్టిక్ ల్యాబ్ అయితే రెండు లక్షలూ జీతమే. ఎన్ని శాంపిళ్లు తీస్తే అంత అని పెట్టారంటే ట్యూబులు తారుమారవుతాయి, అక్కడ ఒక్క తప్పు ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్లు పంపిన కేసుల లెక్కన సిబ్బందికి ఇచ్చే పద్ధతి గురించి నన్ను అడగకండి.

సర్వీసు సెంటరయితే లక్షా ఇరవై వేలు బండి లెక్కన ఇచ్చే పీసుకు, ముప్ఫై వేలు హెడ్ మెకానిక్ వాటాకు, యాభై వేలు వాటర్ వాష్ కుర్రాళ్లకూ కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయికీ జీతం పెంపుగా. వాళ్ల పని బండ్ల లెక్కలో కనపడదు, ఆ అమ్మాయి సరిగ్గా రాయకపోతే మాత్రం అందరి లెక్కా తప్పుతుంది. జాబ్ కార్డులు ఇప్పటిదాకా రాయట్లేదంటే పీసు రేటు ఈ నెలలో మొదలుపెట్టొద్దు. రెండు నెలలు కార్డులు రాయించి, ఒక్కో మెకానిక్ రోజుకు ఎన్ని బండ్లు చేస్తున్నాడో, ఎన్ని వెనక్కొస్తున్నాయో చూసి అప్పుడు రేటు కట్టండి. అంతదాకా ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.